వాడని పూల సాగు: సాలూరు ప్రాంత చిన్న రైతులకు విత్తనం నుంచి ఎండు కట్ట వరకు

దసరాకు, ఆ తర్వాత మంగళవారం వచ్చే విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానుకు బంతిపూలకు మంచి ధర పలుకుతుంది. మళ్లీ దీపావళికి పలుకుతుంది. మధ్యలో, ఆ తర్వాత, కోత కూలి కూడా రాని రోజులు ఉంటాయి. కోసిన పువ్వు రెండు రోజులు ఆగదు కాబట్టి వ్యాపారి చెప్పిందే ధర. బంతి, చామంతి వేసిన రైతులందరికీ తెలిసిన బాధే ఇది.

ఈ బాధ లేని పూలు కొన్ని ఉన్నాయి. కోసి, కట్ట కట్టి, నీడలో వేలాడదీస్తే రంగు పోకుండా ఎండిపోయి నెలల తరబడి నిలిచే ఏకవార్షిక పూలు ఇవి. తాజాగా అమ్ముకోవచ్చు, ధర లేకపోతే ఎండబెట్టి ఉంచుకోవచ్చు. సాలూరు, పాచిపెంట, మక్కువ, రామభద్రపురం మండలాల్లో బోరు గానీ, చెరువు గానీ, వేగావతి నీరు గానీ కొద్దిగా అందే గరువు భూముల్లో వీటిని పండించుకోవచ్చు. అయితే వీటిని ఎకరాల్లో వేయకూడదు. ఎందుకు వేయకూడదో, ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో ఈ వ్యాసంలో వివరంగా చెబుతాం.

ముందు మనకు తెలిసిన పూలతోనే మొదలుపెట్టండి

ఎండు పూలు అనగానే విదేశీ విత్తనాలు కొనాలని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. పొలంలో మనం కలుపు అని పీకి పారేసే గునుగు ఈ జాతిదే. తెలంగాణలో బతుకమ్మకు తంగేడుతో పాటు పేర్చేది ఈ గునుగు పువ్వునే. తెల్లగా ఎండిపోయే పువ్వు కాబట్టి దానికి రంగులు అద్ది కూడా పేరుస్తారు. తోటల్లో పెంచే కోడిజుట్టు పువ్వు, ఈకల్లా నిలువుగా పెరిగే సెలోషియా రకాలు దీనికి సొంత బంధువులు.

రెండోది పొగడబంతి. కొన్ని ప్రాంతాల్లో బొడ్డుమల్లె అంటారు. తమిళులు వాడామల్లి అంటారు, అంటే వాడని మల్లి అని. ఊదా, తెలుపు, గులాబీ రంగుల్లో గుండ్రంగా ఉండే ఈ పువ్వు ఎండినా ఆకారం మారదు. ఊదా రంగు అన్నిటికన్నా బాగా నిలుస్తుంది. మొదటిసారి వేసేవారికి మా సలహా పొగడబంతే. పొరపాట్లను ఓర్చుకునే మొక్క ఇది.

మూడోది హెలిక్రైసమ్. నర్సరీల వాళ్లు స్ట్రా ఫ్లవర్ అంటారు. ఆస్ట్రేలియా మొక్క. పువ్వు మీద ఉన్నప్పుడే రెక్కలు కాగితంలా గరగరలాడతాయి. కొందరు దీన్ని కాగితం పువ్వు అంటారు గానీ మన దగ్గర కాగితం పూలంటే బోగన్‌విల్లా కాబట్టి విత్తనం అడిగేటప్పుడు హెలిక్రైసమ్ అనే అడగండి. పసుపు, నారింజ, ఎరుపు, తెలుపు, గులాబీ రంగులు వస్తాయి. అలంకరణ చేసేవాళ్లకు నచ్చే పువ్వు ఇదే, పండించడంలో కాస్త జాగ్రత్త కోరేది కూడా ఇదే.

ఇవి మూడూ చాలు. వీటికి తోడుగా చేలో ఉన్న కొర్ర కంకులు, జొన్న కంకులు, విత్తనం రాల్చిన గోగు కాయలు, చెరువులో ఎండిన తామర కాయలు కూడా కట్టల్లో కలుపుతారు. వాటికి వేరే సాగు అక్కర్లేదు, సమయానికి కోయడమే.

ఎంత వేయాలి? గదిని చూసి లెక్క కట్టండి

చాలామంది ముందుగా పొలం కొలుస్తారు. ఈ పంటకు ముందుగా కొలవాల్సింది ఆరబెట్టే గదిని.

ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. మీటరు వెడల్పు మడులు, మధ్యలో 45 సెం.మీ. కాలిబాట వదిలితే మొక్కలకు మిగిలేది దాదాపు 28 చదరపు మీటర్లు. వరుసల మధ్య 30, మొక్కల మధ్య 20 సెం.మీ. చొప్పున నాటితే సుమారు 450 మొక్కలు పడతాయి. మొక్కకు 6 మంచి కాడలే వచ్చాయనుకున్నా 2,700 కాడలు. 12 కాడల కట్టలు కడితే 225 కట్టలు. ఒక్కో కట్ట గాలి ఆడేలా వేలాడడానికి తాడు మీద 15 సెం.మీ. కావాలి. అన్నీ ఒకేసారి కోతకు రావు కాబట్టి మూడో వంతు అనుకుంటే, సెంటు భూమికి 11 నుంచి 12 మీటర్ల తాడు కట్టే జాగా ఉండాలి. మూడు మీటర్ల పొడవున్న గదిలో నాలుగు తాళ్లు కడితే ఒక సెంటు పంటకు సరిపోతుంది. ఐదు సెంట్లు వేస్తే అలాంటి గదులు ఐదు కావాలి. ఇంట్లో ఉన్న ఖాళీ జాగా ఎంతో మీకే తెలుసు. తాడు దొరకని పువ్వు కుప్పలో బూజు పడుతుంది. అందుకే మొదటి ఏడాది ఒకటి రెండు సెంట్లకు మించవద్దని గట్టిగా చెబుతున్నాం.

ఎప్పుడు వేయాలి?

చోడి, నువ్వు, మొక్కజొన్నతో పాటు జూన్‌లో వీటినీ చల్లేస్తే మొక్క బాగానే పెరుగుతుంది. కానీ పువ్వు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. అప్పుడు గాలిలో తేమ ఎక్కువ, ఏ కట్టా సరిగా ఎండదు. పైగా తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న ఉత్తరాంధ్ర మీద విరుచుకుపడ్డాయి. ఆ రోజుల్లో పూతలో ఉన్న మొక్క నిలబడదు.

కాబట్టి సెప్టెంబరు చివరి వారంలో నీడ కింద నారు పోసుకోవాలి. అక్టోబరు చివర లేదా నవంబరు మొదటి వారంలో నాటుకోవాలి. నవంబరులోనూ వాయుగుండాలు వస్తాయి గానీ అప్పటికి మొక్క జానెడే ఉంటుంది, నీరు తీసేస్తే తేరుకుంటుంది. పువ్వు డిసెంబరు చివర మొదలై మార్చి దాకా వస్తుంది. మంచు విడిచాక పగలంతా పొడిగా ఉండే ఆ రోజులే ఆరబెట్టడానికి అనువైనవి. సంక్రాంతి తర్వాత జరిగే శంబర పోలమాంబ జాతర నాటికి మొదటి కోతలు చేతికొస్తాయి, తాజా పువ్వు కొంత అక్కడే అమ్ముకోవచ్చు.

గునుగు, కోడిజుట్టు రకాల విషయంలో ఒక మెలిక ఉంది. ఇవి పగటి పొద్దు తగ్గేకొద్దీ త్వరగా పూతకు వచ్చే మొక్కలు. అక్టోబరులో విత్తితే కాడ పొడవు పెరగకముందే పువ్వు వచ్చేస్తుంది. కట్టకు కనీసం మూరెడు కాడ కావాలి కదా. అందుకే వీటిని జనవరి చివర నారు పోసి, ఫిబ్రవరి చివర నాటి, ఏప్రిల్, మే నెలల్లో కోసుకోవడం మేలు. ఈ మొక్కలు మన ఎండకు తట్టుకుంటాయి. వేసవి గాలికి కట్టలు త్వరగా ఎండుతాయి. మొదటి తొలకరి జల్లులకు ముందే పని ముగియాలి. ఆ మూడు నెలలు నీరు ఇవ్వలేనివారు ఈ పంట జోలికి పోకుండా పొగడబంతితోనే ఆగడం మంచిది.

విత్తనం, నారు

విత్తనం కొనేటప్పుడు ఒక్కో రంగు విడిగా ఉన్న ప్యాకెట్లు తీసుకోండి. కలగలుపు ప్యాకెట్లు పెరటికి బాగుంటాయి, అమ్మకానికి పనికిరావు. ఒకే రంగు కట్టలనే కొనేవాళ్లు అడుగుతారు. పొడవు కాడ రకాలు అని రాసి ఉందో లేదో చూడండి. కుండీల కోసం తయారుచేసిన పొట్టి రకాలు ఎక్కువగా అమ్ముతారు, అవి జానెడు దాటవు. బిల్లు తప్పక తీసుకోండి. విత్తే ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి పది రోజులు ఉంచి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. 12కు తక్కువ మొలిస్తే ఆ మేరకు ఎక్కువ గింజలు పోయాలి.

పొగడబంతి గింజ చుట్టూ దూది లాంటి నూగు ఉంటుంది. పొడి ఇసుకతో కలిపి చేతుల మధ్య నలిపి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి పోస్తే ఒకేలా మొలుస్తుంది. పైన పలుచగా, గింజ కనపడనంత మట్టి చాలు. మొలవడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. మొలవలేదని నాలుగో రోజే ట్రే పారబోయకండి.

హెలిక్రైసమ్ గింజ చాలా సన్నం, మొలవడానికి వెలుతురు కావాలి. మట్టి కప్పకూడదు. తడి మట్టి మీద చల్లి, అరచేతితో మెల్లగా అదిమి, పిచికారీతో తడుపుతూ ఉండాలి. గునుగు, కోడిజుట్టు గింజలు నల్లగా మెరుస్తూ ఆవాల కన్నా చిన్నగా ఉంటాయి. నాలుగు రెట్ల ఇసుక కలిపి పోసుకుంటే ఒత్తుగా పడవు.

కూరగాయల నారుకు వాడే 98 గుంతల ప్రోట్రేలు, కొబ్బరి పొట్టు దీనికి చక్కగా సరిపోతాయి. లేకపోతే ఎత్తు మడి మీద పోసి, పైన తాటాకో షేడ్‌నెట్టో కప్పుకోండి. వానజల్లు నేరుగా నారు మీద పడకూడదు. నారుకుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. ముందుగానే కొబ్బరి పొట్టులో ట్రైకోడెర్మా కలిపి ఉంచితే ఆ అవసరం తరచూ రాదు.

నాలుగు నుంచి ఐదు వారాల నారు నాటుకోవాలి. కోడిజుట్టు నారు ట్రేలో ముదిరితే, అక్కడే చిన్న మొగ్గ వేసి తర్వాత ఎంత ఎరువు వేసినా ఎదగదు. ఆలస్యమైన నారును నాటడం కన్నా కొత్తగా పోసుకోవడం నయం.

నేల, ఎరువు, నీరు

మన ప్రాంతపు ఎర్ర ఇసుక నేలలు వీటికి అనుకూలం. నీరు నిలిచే పల్లపు మడులు వద్దు. వంగ, టమాట, బెండ పండించిన చోట వేర్లకు బుడిపెలు కనిపించి ఉంటే కోడిజుట్టు వేయకండి. నులిపురుగు దానికి బాగా పడుతుంది. బంతి తీసేసిన మడి అయితే మరీ మంచిది, బంతి వేర్లు ఆ పురుగును తగ్గిస్తాయి.

సెంటుకు 80 నుంచి 100 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు వేసి 15 సెం.మీ. ఎత్తు మడులు చేసుకోవాలి. యూరియా విషయంలో చేయి బిగపట్టండి. నత్రజని ఎక్కువైతే మొక్క పచ్చగా బలుస్తుంది, కాడ మెత్తబడుతుంది, ఎండాక మెడ వంగిపోతుంది. తాజా పూలలో ఈ లోపం కనపడదు, ఎండిన కట్టలో మాత్రం దాచలేం.

మొక్క 15 సెం.మీ. ఎత్తుకు వచ్చాక పొగడబంతి, హెలిక్రైసమ్ తలలు తుంచాలి. పక్క కొమ్మలు ఎక్కువ వస్తాయి. ఒకే పెద్ద జుట్టు కావాలనుకుంటే కోడిజుట్టు తల తుంచకుండా, 15 సెం.మీ. దూరంలో దగ్గరగా నాటాలి. దగ్గరగా ఉన్నప్పుడు కాడ నిటారుగా పెరుగుతుంది. మడి నాలుగు మూలలా వెదురు పుల్లలు పాతి, మోకాలి ఎత్తున అడ్డంగా పురికొస లాగితే గాలికి పడవు.

వారానికి రెండు తడులు, వేసవిలో రోజు విడిచి రోజు సరిపోతాయి. పువ్వు వచ్చాక నీరు మొదట్లోనే పారించాలి, మొక్క మీద నుంచి చల్లకూడదు. చీడల బెడద తక్కువ. పేనుబంక, ఆకు తినే పురుగు కనిపిస్తే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి కొట్టుకోవచ్చు. పువ్వు విచ్చాక మాత్రం ఏ మందూ కొట్టవద్దు, ఎండిన పువ్వు మీద మరకలు మిగులుతాయి.

కోత: ఇక్కడే లాభమో నష్టమో తేలుతుంది

మన కొండల్లో గిరిజనులు కొండచీపురు కోయడం చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. కంకి సరైన అదనులో ఉన్నప్పుడు కోస్తే చీపురు రెండేళ్లు ఊడవదు, ముదిరాక కోస్తే ఇల్లంతా నుసి. పువ్వుకూ అదే సూత్రం. పైగా ఒక్కో పువ్వుకు అదను వేరు.

హెలిక్రైసమ్ పూర్తిగా విచ్చే దాకా ఆగకూడదు. బయటి రెక్కలు రెండు మూడు వరుసలు విడి, నడిమి మొగ్గ ఇంకా మూసుకునే ఉన్నప్పుడు కోయాలి. వేలాడదీశాక అది ఇంకా విచ్చుకుంటుంది. పొలంలో అందంగా, నడుమ పసుపు కనపడుతూ విచ్చిన పువ్వును కోస్తే, ఎండేటప్పుడు రెక్కలు వెనక్కి ముడుచుకుని నడిమి భాగం గోధుమ రంగుకు మారి దూదిలా ఊడుతుంది. మొదటిసారి వేసిన రైతులు దాదాపు అందరూ ఈ తప్పు చేస్తారు, ఎందుకంటే మొగ్గను కోయడానికి చేయి రాదు. రోజు విడిచి రోజు తోటలో తిరిగి కోయాల్సిందే. తెల్లవారుజామున మంచుకు పువ్వు ముడుచుకుని ఉంటుంది, అప్పుడు ఏది ఎంత విచ్చిందో తెలియదు. మంచు ఆరాక, తొమ్మిది పది గంటల మధ్య కోయండి. దీని మెడ బలహీనం. పువ్వు బరువైన రకాలకు పచ్చిగా ఉండగానే కాడ కత్తిరించి సన్నని ఇనుప తీగను కింద నుంచి గుచ్చుతారు, ఎండేకొద్దీ పువ్వు తీగను పట్టేస్తుంది.

పొగడబంతి ఇందుకు వ్యతిరేకం. తొందరపడకూడదు. బంతి పూర్తిగా గుండ్రంగా, గట్టిగా అయ్యాక, అడుగు రెక్కలు పాలిపోకముందు కోయాలి. కాడ పట్టుకుని ఊపితే పువ్వు వంగకుండా కాడతో పాటు బిర్రుగా కదలాలి. తల వాలితే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

గునుగు, ఈకల సెలోషియా కంకి ముప్పాతిక వంతు విచ్చాక కోయాలి. అరచేతి మీద తట్టి చూడండి. నల్ల గింజలు రాలుతున్నాయంటే ఆలస్యమైనట్టే. ఆ కట్ట ఎక్కడ వేలాడదీసినా కింద గింజలు రాల్చుతూనే ఉంటుంది, కొన్నవారు మళ్లీ రారు. కోడిజుట్టు ముఖ్యంగా వాన పడ్డాక రెండు రోజుల దాకా కోయవద్దు. ఆ మడతల్లో నీరు చిక్కుకుని లోపల నుంచి కుళ్లుతుంది.

కొర్ర కంకులు గింజ గట్టిపడకముందు, ఆకుపచ్చగా ఉండగానే కోస్తే గింజ రాలదు, లేత రంగు నిలుస్తుంది. పిట్టలు తినకముందే మీ చేతికి వస్తాయి, అది అదనపు లాభం.

ఆరబెట్టడం

కోసిన గంటలోపే నీడకు చేర్చాలి. కాడకు ఉన్న ఆకులన్నీ దూసేయాలి, తేమంతా ఆకుల్లోనే ఉంటుంది. పది పన్నెండు కాడలు కలిపి, పువ్వులు ఒకదాన్నొకటి నొక్కకుండా ఎత్తుతగ్గులుగా పెట్టి, రబ్బరు బ్యాండుతో బిగించాలి. పురికొసతో కట్టవద్దు. ఎండేకొద్దీ కాడలు సన్నబడి, ముడి వదులై, రాత్రికి రాత్రి కాడలు జారి నేల మీద ఉంటాయి. రబ్బరు బ్యాండు కాడతో పాటు తనూ బిగుస్తుంది.

తలకిందులుగా వేలాడదీయాలి. నిటారుగా ఉంచితే పువ్వు బరువుకు మెడ వంగి అలాగే ఎండిపోతుంది.

గది చీకటిగా, పొడిగా, గాలి ఆడేలా ఉండాలి. ఈ మూడూ కలిసి ఉండాలి. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది. ధాన్యం ఆరబోసినట్టు కళ్లంలోనో రోడ్డు మీదో ఎండలో ఆరబెడితే రెండు రోజుల్లో ఎండుతుంది నిజమే, కానీ ఊదా పువ్వు బూడిద రంగుకు వస్తుంది. నల్ల పాలిథిన్ షీటు కప్పిన పందిరి చీకటిగా ఉంటుంది గానీ లోపల చెమట పట్టి బూజు వస్తుంది. వంటింటి అటక కూడా పనికిరాదు, పొయ్యి పొగ, మసి పువ్వుకు అంటుతాయి. వాడకంలో లేని పెంకుటింటి గది, కిటికీలకు గోనెపట్టాలు కట్టి పై వెంటిలేటర్లు తెరిచి ఉంచితే, చాలా బాగా పనిచేస్తుంది. గాలి ఆడకపోతే మూలన ఒక ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోవచ్చు, గాలి నేరుగా కట్టలకు తగలకూడదు. కట్టలు గోడకు ఆనకూడదు, నేల నుంచి కనీసం మూడు అడుగుల ఎత్తున ఉండాలి.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొగడబంతి పది పదిహేను రోజులకు, హెలిక్రైసమ్ రెండు మూడు వారాలకు ఎండుతుంది. కోడిజుట్టు దట్టంగా ఉంటుంది కాబట్టి ఒక్కోసారి నాలుగు వారాలు పడుతుంది. పువ్వు ముట్టుకుంటే ఎండినట్టే ఉంటుంది, దాన్ని నమ్మకండి. పువ్వు కింద కాడను వంచండి. టక్కున విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకా లోపల తేమ ఉన్నట్టు. తేమ ఉన్న ఒక్క కట్టను పెట్టెలో పెడితే పది రోజుల్లో పెట్టె మొత్తానికి బూజు పాకుతుంది.

చైనా ఆస్టర్, జినియా, గులాబీ లాంటి మెత్తని రెక్కల పూలను ఇలా వేలాడదీస్తే ముడుచుకుపోతాయి. వాటిని సన్నని పొడి ఇసుకలోనో సిలికా జెల్‌లోనో పూడ్చి ఎండబెడతారు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఈ పద్ధతిలో శిక్షణలు ఇస్తూ వస్తోంది. కానీ అది ఒక్కో పువ్వును చేత్తో పట్టి చేసే పని, కట్టలు అమ్మే రైతుకు గిట్టదు. చేతిపని నేర్చిన మహిళా సంఘాలకు బాగుంటుంది.

నిల్వ

ఎండిన కట్టలను పాత కాగితంలో వదులుగా చుట్టి, అట్టపెట్టెలో ఒకదాని తల ఒకదాని కాళ్ల వైపు వచ్చేలా పేర్చాలి. ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి ఉంచవద్దు. పెట్టె మీద పువ్వు, రంగు, కోసిన నెల రాయండి. నాఫ్తలీన్ ఉండలు కాగితంలో చుట్టి మూలల్లో పెడితే పురుగు పట్టదు. ఎలుకలకు కోడిజుట్టు గింజలంటే ఇష్టం, పెట్టెలు అటక మీద కాకుండా ఇనుప బల్ల మీద పెట్టుకోవడం మంచిది. జూన్ నుంచి అక్టోబరు దాకా మన తేమకు ఎండు పువ్వు మళ్లీ మెత్తబడుతుంది. కాబట్టి సరుకును వానాకాలానికి ముందే అమ్మేసేలా చూసుకోండి.

ఎవరు కొంటారు?

విత్తనం కొనే ముందు ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండాలి. మన దేశం నుంచి ఎండు పూలు, కాయలు, ఆకులు అమెరికా, ఐరోపా దేశాలకు వెళతాయి. ఆ వ్యాపారానికి తమిళనాడులోని తూత్తుకుడి, బెంగాల్‌లోని కోల్‌కతా కేంద్రాలు. వాళ్ల లెక్క కంటెయినర్లలో ఉంటుంది. సాలూరులో రెండు సెంట్లు వేసిన రైతు అక్కడి ధర చూసి ఆశపడితే ప్రయోజనం లేదు.

మనకు అందుబాటులో ఉన్నది విశాఖపట్నం. పెళ్లి మండపాల అలంకరణ చేసేవాళ్లు, పూలగుత్తుల దుకాణాలు, హోటళ్లు, కానుకల షాపులు. అరకు వచ్చే పర్యాటకులు ఇంకో దారి. సెప్టెంబరులో నారు పోయక ముందే, ఎక్కడైనా దొరికిన నాలుగు రకాల ఎండు కాడలు చేతిలో పట్టుకుని ఒక రోజు నలుగురు అలంకరణ వాళ్లను కలవండి. ఏ రంగు, కాడ ఎంత పొడవు, కట్టకు ఎన్ని, ఏ నెలలో కావాలి అని అడిగి రాసుకోండి. ధర కట్ట లెక్కనే మాట్లాడుకోవాలి. ఎండితే బరువులో ఎక్కువ భాగం పోతుంది కాబట్టి కిలో లెక్క రైతుకు నష్టం. కాడ లేని పొగడబంతి తలలు మాత్రం కిలోల్లో అడుగుతారు, మెడ విరిగిన పూలన్నీ అటు పంపవచ్చు. సాలూరు లారీలకు పేరున్న ఊరే అయినా రెండు అట్టపెట్టెలకు లారీ అక్కర్లేదు, ఆర్టీసీ కార్గోలో వెళతాయి.

మన రాష్ట్రంలోనే ఎండు పూలకు విలువ పెంచిన ఉదాహరణ ఒకటి ఉంది. తిరుమల, తిరుపతి ఆలయాల్లో వాడిన పూలను ఎండబెట్టి దేవుళ్ల చిత్రపటాలు, కీచైన్లు వంటివి తయారు చేయడానికి తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంది. తిరుపతిలోని నిమ్మ పరిశోధన స్థానంలో మహిళలకు శిక్షణ ఇచ్చారు. పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు ఈ దారిలో ఆలోచించవచ్చు. ఎండిన రెక్కలు, విరిగిన తలలు కూడా పటాల్లో పనికొస్తాయి.

ఒక హెచ్చరిక. విత్తనమో మొక్కో ఎక్కువ ధరకు అంటగట్టి, పంట మేమే కొంటాం అని కాగితం రాసిచ్చేవాళ్లు ప్రతి కొత్త పంటకూ వస్తారు. ఔషధ మొక్కల్లో చూశాం, కలబందలో చూశాం. కొనే ధర, తేదీ, నాణ్యత ఎవరు తేల్చాలి అన్నవి కాగితంలో లేకపోతే సంతకం పెట్టకండి. అనుమానం ఉంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుడికి, లేదా రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు ఆ కాగితం చూపించండి.

కొండ మీద రైతులకు

పాచిపెంట కొండ గ్రామాల్లో, ఘాట్ రోడ్డు పైన ఒడిశా వైపు పొట్టంగి దగ్గర, అరకు, పాడేరు ప్రాంతాల్లో చలి ఎక్కువ. అక్కడివారు స్టాటిస్ వేసుకోవచ్చు. ఊదా, పసుపు, తెలుపు రంగుల్లో కాగితపు గుత్తుల్లా ఉండే ఈ పువ్వుకు లేత వయసులో కొన్ని వారాల చలి తగిలితేనే పూకాడ లేస్తుంది. మైదానంలో వేస్తే నేలకు పరుచుకున్న ఆకులతోనే ఉండిపోయే మొక్కలు చాలా ఉంటాయి. గుత్తిలో ముప్పాతిక వంతు పూలు విచ్చాక కోయాలి. దాని లోపల కనిపించే చిన్న తెల్ల పువ్వు రాలిపోతుంది, కంగారు పడవద్దు, నిలిచేది బయటి రంగు భాగమే.

కొండ మీదైనా లార్క్‌స్పర్ అనే నీలి పువ్వు విత్తనం ఎవరైనా ఇస్తే ఆలోచించి వేయండి. ఎండితే అందంగానే ఉంటుంది గానీ మొక్క, గింజ పశువులకు విషం. మేకలు తిరిగే ఊళ్లలో వద్దు.

వచ్చే ఏడాదికి విత్తనం

పొగడబంతి, గునుగు విత్తనం మళ్లీ కొనక్కర్లేదు. ప్రతి రంగులో నిటారుగా, పొడవు కాడతో ఉన్న పది మొక్కలకు రంగు దారం కట్టి కోయకుండా వదిలేయండి. అడుగు భాగం గోధుమ రంగుకు వచ్చాక తల కోసి, నీడలో ఆరబెట్టి, నలిపి, చెరగాలి. కోడిజుట్టు రకాలు రెండు మూడు రంగులు పక్కపక్కనే ఉంటే తేనెటీగల వల్ల కలిసిపోతాయి, విత్తనానికి ఒక రంగునే ఉంచి మిగతావి ముందే కోసేయాలి. హైబ్రిడ్ అని రాసి ఉన్న ప్యాకెట్ల మొక్కల నుంచి విత్తనం కట్టవద్దు.

గునుగు గింజ మడిలో రాలనివ్వకండి. ఒక్క కంకి నుంచి వందల గింజలు రాలతాయి, వచ్చే ఖరీఫ్‌లో ఆ మడిలో చోడి వేస్తే కలుపు తీయడానికే సరిపోతుంది. విత్తనం కోసం వదిలిన కంకులకు పాత నైలాన్ దోమతెర గుడ్డ సంచుల్లా కట్టి తొడగండి, గింజలు అందులోనే పడతాయి.